మూడు వందల ఏళ్ల ఎబొనీ బల్ల అన్నారు: ఒక నగిషీ టేబుల్ వయసు, పుట్టుక తేల్చిన కేసు

ఈ కేసు ఒక గుండ్రటి సెంటర్ టేబుల్‌ది. పై పలక వెడల్పు దాదాపు 4 అడుగులు. పలక అంచు కింద చుట్టూరా ద్రాక్షతీగల జాలీ పట్టీ. మధ్యలో లావుపాటి స్తంభం, దాని అడుగున సింహం తలలతో మూడు కాళ్లు, కాళ్ల కింద ఇత్తడి చక్రాలు. గొళ్ళెం తీస్తే పలక ఒక పక్కకు లేచి నిలువుగా నిలబడుతుంది. పై పలక తప్ప మిగతాదంతా నగిషీయే, చేయి ఆన్చడానికి కూడా ఖాళీ లేదు. రంగు దాదాపు నలుపు.

ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటున్న మాట: పోర్చుగీసు వాళ్ల కాలం, మూడు వందల ఏళ్లు, ఎబొనీ అనే నల్లటి చెక్క. పాత సామాన్లు కొనే ఒకాయన చూసి, బర్మా టేకు, వందేళ్లు కూడా ఉండవు అని తేల్చేశాడట. నన్ను పిలిచింది మాత్రం ఈ రెండింట్లో ఏది నిజమో తెలుసుకోవడానికి కాదు. "సార్, పాలిష్ అంతా గీకేసి కొత్తగా కొట్టిస్తే మెరిసిపోతుందంటున్నారు. ఇది నిజంగా అంత పాతదైతే అసలు ముట్టుకోవచ్చంటారా?" అని యజమాని అడిగారు. సరైన ప్రశ్న. చాలామంది గీకించేశాక పిలుస్తారు. అప్పటికి సాక్ష్యంలో సగం ఇసుక కాగితానికి అంటుకుపోయి ఉంటుంది.

నగిషీ ఉన్న సామాను చూడగానే అందరి కళ్లూ నగిషీ మీదికే వెళ్తాయి. నేను దాన్ని చివరికి వాయిదా వేస్తాను. డిజైన్ పుస్తకాల్లో ప్రయాణిస్తుంది, బొమ్మ చూసి ఎవరైనా ఎక్కడైనా చెక్కగలరు, వంద ఏళ్ల తర్వాత కూడా చెక్కగలరు. 17వ శతాబ్దం రెండో సగంలో కోరమాండల్ తీరంలో ఎబొనీతో చేసిన కుర్చీలు ఇంగ్లండ్ చేరాయి. మెలితిప్పిన కాళ్లు, ఒళ్లంతా నగిషీ చూసి హొరేస్ వాల్‌పోల్ అనే ఇంగ్లిష్ రచయిత వాటిని 16వ శతాబ్దపు ట్యూడర్ రాజుల కాలం నాటి ఇంగ్లిష్ పని అనుకున్నాడు, స్ట్రాబెరీ హిల్‌లోని తన ఇంటికి ముచ్చటపడి తెచ్చుకున్నాడు. 18వ శతాబ్దంలో పాత వస్తువుల గురించి ఆయనంత తెలిసినవాళ్లు తక్కువ. అయినా కాలమూ తప్పింది, ఖండమూ తప్పింది. అందుకే ముందు బల్లను బోర్లా తిప్పించాను.

చెక్క ఏమిటి

పలక అడుగున, ఎవరూ చూడని చోట గోరంత మేర గీకితే నలుపు పోయింది. లోపల ఊదా ఛాయ ఉన్న ముదురు గోధుమ రంగు, దాని మీద నల్లటి చారలు. కొద్దిగా తీయటి వాసన. ఎబొనీ చేవ లోపలి దాకా నల్లగా ఉంటుంది, చారలున్నా ఈ ఊదా ఛాయ రాదు. ఒక అంచున చెక్క కొస కనిపించే చోట పదునైన బ్లేడుతో పలచగా కోసి, పది రెట్ల భూతద్దం పెట్టాను. టేకులో చెట్టు ఏడాదికొకటి వేసే ఉంగరం మొదట్లో పెద్ద రంధ్రాలు వరుసగా గీత గీసినట్టు కనిపిస్తాయి. ఇక్కడ ఆ వరుస లేదు, రంధ్రాలు అంతటా చెదిరి ఉన్నాయి, వాటి పక్కన లేత రంగు కణజాలం రెక్కల్లా విచ్చుకుని ఉంది. ఇది రోజ్‌వుడ్ జాతి లక్షణం. జాతి దాకా కళ్లతో చెప్పొచ్చు, జాతిలో ఏ రకమో చెప్పాలంటే సూక్ష్మదర్శిని కావాలి. అగ్గిపుల్ల తలంత ముక్కను కలప పరీక్ష చేసే ల్యాబ్‌కి పంపితే డాల్బెర్జియా లాటిఫోలియా అని వచ్చింది, అంటే ఇండియన్ రోజ్‌వుడ్.

దీంతో ఇంటివాళ్ల ఎబొనీ, కొనేవాడి టేకు రెండూ పోయాయి. కానీ చెక్క పేరు తెలిస్తే ఊరు తెలిసినట్టు కాదు. ఈ చెట్టు దక్షిణ, పశ్చిమ భారతంలో పెరుగుతుంది, జావాలోనూ పెరుగుతుంది. పైగా కలప ఓడలెక్కే సరుకు. అప్పటికి నా జాబితాలో బొంబాయి, మద్రాసు, సిలోన్, జావా, దక్షిణ చైనా అన్నీ ఉన్నాయి.

మూడు కాళ్లలో ఒకదాని చెక్క వేరు. రంగు కలిపేశారు గానీ, అడుగున గీకితే పసుపు గోధుమ రంగు, భూతద్దంలో రంధ్రాల వరుస. టేకు. ఆ కాలు సంగతి తర్వాత చెప్తాను.

రంపం గీతలు: ఇక్కడ జాగ్రత్త

పలక అడుగు భాగానికి చిత్రిక సరిగా పట్టలేదు. చాలా పాత సామాన్లలో అంతే, కనపడని చోట ఎవరూ కష్టపడరు. పక్క నుంచి టార్చ్ వేస్తే రంపం గీతలు కనపడ్డాయి. తిన్నగా ఉన్నాయి, కానీ ఒకదానికొకటి సమాన దూరంలో లేవు, కొన్ని కాస్త వాలి ఉన్నాయి. ఇద్దరు మనుషులు పైనా కిందా నిలబడి కోసిన రంపం గుర్తులవి. గుండ్రటి యంత్ర రంపమైతే గీతలు విల్లులా వంగి ఉంటాయి. పట్టీ రంపం, అంటే బ్యాండ్‌సా అయితే తిన్నగానే ఉంటాయి గానీ దువ్వెనతో గీసినంత సమంగా ఉంటాయి.

ఇంటర్నెట్‌లో దొరికే వయసు పట్టికలు చూసి చాలామంది ఇక్కడే ఆగిపోతారు. "చేతి రంపం గీతలు, కాబట్టి 1830కి ముందుది" అని రాసేస్తారు. ఆ పట్టికలు యూరప్, అమెరికా వర్క్‌షాపుల అనుభవంతో తయారైనవి. ఆసియాలో 20వ శతాబ్దంలో కూడా చేత్తో కోసిన పలకలు కోకొల్లలు. ఒక పనిముట్టు పుట్టిన ఏడు మనకు ఒకే దిక్కున పనికొస్తుంది. దాని గుర్తు కనిపిస్తే వస్తువు ఆ ఏటి తర్వాతిది. గుర్తు కనిపించకపోతే అంతకుముందుదని చెప్పే హక్కు మనకు లేదు. కాబట్టి ఈ గీతల నుంచి నేను వయసు తీసుకోలేదు, పలకను చేత్తో కోశారు అన్న మాట మాత్రం రాసుకున్నాను.

కొలతలు

చెక్క ఎండేకొద్దీ నార పొడుగు దిశలో దాదాపు కుంచించుకోదు, అడ్డంగా మాత్రం బాగా కుంచించుకుంటుంది. అందుకే పాత గుండ్రటి బల్ల ఏదీ నిజానికి గుండ్రంగా ఉండదు. ఈ పలక నార వెంబడి 1,219 మిల్లీమీటర్లు, నారకు అడ్డంగా 1,207. తేడా 12 మిల్లీమీటర్లు, ఒక శాతం. కంటికి తెలియదు, టేపుకి తెలుస్తుంది.

ఈ తేడాను ఏళ్లలోకి మార్చే లెక్క ఎవరైనా చెబితే నమ్మకండి. కుంచించుకోవడం చాలావరకు మొదటి కొన్నేళ్లలోనే అయిపోతుంది, ఆ తర్వాత గాలిలో తేమను బట్టి చెక్క ఏటా ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది. ఈ తేడా విలువ వేరే చోట ఉంది. జాలీ పట్టీ చిన్న చిన్న వంపు ముక్కలు కలిపి చేసింది, ఒక్కో ముక్క నార చుట్టూ తిరిగే దిశలో ఉంది. అందుకని పట్టీ పలకతో పాటు కుంచించుకోలేదు. నారకు అడ్డంగా ఉన్న రెండు వైపులా పట్టీ పలక అంచును దాటి ఐదారు మిల్లీమీటర్లు బయటికి పొడుచుకొచ్చింది, మిగతా రెండు వైపులా అంచుతో సమంగా ఉంది. పలక పూర్తిగా ఎండాక ఎవరైనా ఈ పట్టీని తెచ్చి తగిలించి ఉంటే అప్పటి అంచుకు సరిపెట్టి తగిలించేవాళ్లు. కాబట్టి పలక, పట్టీ పుట్టినప్పటి నుంచీ జంటే. పాత సామాన్లలో ఒకదాని పలక, ఇంకొకదాని కాళ్లు కలిపి అమ్మడం మామూలు కనుక ఇది తేల్చుకోవడం ముఖ్యం.

నార వెంబడి కొలత కాలంతో మారదు అన్నాను కదా, అది ఇంకో పని కూడా చేసిపెట్టింది. 1,219 మిల్లీమీటర్లంటే సరిగ్గా 48 ఇంగ్లిష్ అంగుళాలు. ఒక్క కొలత కాకతాళీయం కావచ్చు. నేల నుంచి పలక దాకా 737 మిల్లీమీటర్లు, 29 అంగుళాలు. స్తంభం మీది దిమ్మె పొడుగు 305, అంటే 12 అంగుళాలు. ఆమ్‌స్టర్‌డామ్ అడుగు 283 మిల్లీమీటర్లు, పోర్చుగీసు కొలత పాల్మో దాదాపు 220. ఆ రెండింటితో భాగించి చూస్తే ఏదీ తెగలేదు. చేసిన వడ్రంగి చేతిలో ఇంగ్లిష్ కొలబద్ద ఉంది. డచ్ వాళ్ల చేతిలో ఉన్న జావా నా జాబితాలో కిందికి జారింది, పోర్చుగీసు కథ ఇంకా కిందికి జారింది.

మరమేకులు

కేసు తేలింది ఇక్కడే, కాబట్టి కాస్త నెమ్మదిగా చెప్తాను.

పలక కింద నారకు అడ్డంగా రెండు పొడుగాటి బద్దలు ఉన్నాయి. వాటిని పలకకు మరమేకులతో, అంటే స్క్రూలతో బిగించారు. ఒకటి తీసి చూశాను. కొస సూదిగా ఉంది, మర సమంగా ఉంది, తల మీది గాడి సరిగ్గా మధ్యలో ఉంది. 19వ శతాబ్దం మధ్య దాకా చెక్కలో దించే మరమేకులకు కొస మొండిగా ఉండేది. ముందే బెజ్జం వేసుకుని తిప్పాల్సి వచ్చేది. పాతవాటిలో చేత్తో ఆకురాయి పట్టిన గాడి తరచూ ఒక పక్కకు జరిగి ఉంటుంది. సూది కొస ఉన్న మేకును యంత్రంతో చేసే పద్ధతికి 1846లో అమెరికాలో థామస్ స్లోన్ పేటెంట్ తీసుకున్నాడు. 1854లో బర్మింగ్‌హామ్‌లోని నెటిల్‌ఫోల్డ్ వాళ్లు ఆ హక్కులు కొని, పెద్ద ఎత్తున తయారీ మొదలుపెట్టారు. బ్రిటిష్ సరుకు వెళ్లే చోట్లకు ఇవి వెళ్లింది ఆ తర్వాతే.

అయితే మరమేకు బల్ల వయసు చెప్పదు, దాన్ని బిగించిన రోజు సంగతి మాత్రం చెబుతుంది. పాత బల్లకు 1900లో బద్దలు వదులైతే కొత్త మేకులు బిగించి ఉండొచ్చు. ఇంటివాళ్ల వైపు నుంచి వచ్చే మొదటి అభ్యంతరం కూడా ఇదే. దానికి జవాబు బెజ్జాల్లో ఉంది.

మొదటిది, ఆ బెజ్జాల్లో అంతకుముందు ఇంకో మేకు ఉన్న జాడ లేదు. మొండి కొస మేకు వదిలిన బెజ్జం అడుగు చదునుగా ఉంటుంది. సన్నటి పుల్లతో లోతు చూస్తే, టార్చ్ వేసి చూస్తే, ఇక్కడివి సన్నగా ముగుస్తున్నాయి. పక్కన పూడ్చేసిన పాత బెజ్జాలూ లేవు.

రెండోది ఇంకా గట్టి సాక్ష్యం. మేకులు నిట్టనిలువుగా లేవు. బద్ద కుంచించుకోదు, ఎందుకంటే దాని నార పొడుగునా ఉంది. పలక కుంచించుకుంది. మధ్యలో ఇరుక్కున్న మేకు కొస పలకతో పాటు లోపలికి లాగబడింది. బల్ల మధ్యకు దగ్గరగా ఉన్న మేకులు దాదాపు నిటారుగా ఉన్నాయి. బయటికి పోయేకొద్దీ వాలు పెరిగింది. చివరి వాటిలో బద్ద బెజ్జం ఒక పక్కకు నలిగి, కోలగా అయింది. ఎండిపోయిన పలకకు తర్వాత బిగించిన మేకులైతే ఇలా దూరాన్ని బట్టి క్రమంగా వాలే అవకాశం లేదు. అంటే పలక ఇంకా పచ్చి వదలని రోజుల్లో, అంటే బల్ల చేసిన రోజుల్లోనే ఈ సూది కొస మేకులు దానిలోకి దిగాయి.

దీంతో బల్ల 1850ల మధ్య కంటే ముందుది అయ్యే అవకాశం పోయింది. మూడు వందల ఏళ్లలో సగం ఒక్క మేకుతో ఎగిరిపోయాయి.

మూడో కాలు

మూడు కాళ్లూ స్తంభంలోకి డవ్‌టెయిల్, అంటే పావురం తోక ఆకారపు గాడితో ఎక్కుతాయి. కింద వాటిని కలిపి ఒక ఇనుప పలక. ఇప్పుడున్న ఇనుప పలకకు తల మీద ప్లస్ ఆకారపు గాడి ఉన్న ఫిలిప్స్ మరమేకులు ఉన్నాయి. అవి 1930లలో వచ్చినవి, కాబట్టి ఈ మరమ్మతు ఆ తర్వాతిది. ఆ ఇనుప పలక తీస్తే రెండు రోజ్‌వుడ్ కాళ్ల మీద అంతకుముందున్న ఇనుప పలక నీడ కనపడింది. ఆకారం వేరు, బెజ్జాలు వేరు. టేకు కాలి మీద ఆ నీడా లేదు, ఆ బెజ్జాలూ లేవు. కాలు లోపలి ముఖం మీద బ్యాండ్‌సా గీతలు సమంగా ఉన్నాయి. పాత పలక పోయాక వచ్చిన కాలు ఇది.

నగిషీ చేసిన చేయి కూడా వేరు. పాత సింహాల జూలులో ఉలి లోతుగా దిగింది, ప్రతి పాయ కిందా చెక్క తీసేసి నీడ పడేలా చేశారు. మూడో సింహం జూలు పైపైన గీసిన గీతలు. అయినా మంచి పనే, నిలబడి చూస్తే తేడా తెలియదు.

చక్రాల సంగతి సరదాగా ఉంది. మూడింటి మీదా కోప్ అండ్ కాలిన్‌సన్ అన్న ముద్ర ఉంది, 19వ శతాబ్దపు ఇంగ్లిష్ తయారీదారు. విరిగిపోయిన కాలి చక్రాన్ని పారేయకుండా కొత్త కాలికి తగిలించారన్నమాట. ఎవరైనా ఆ టేకు కాలిని మాత్రమే చూసి, చక్రం ముద్రను బట్టి వయసు కట్టి ఉంటే కొన్ని దశాబ్దాలు తప్పేవాళ్లు. తాళాలు, గొళ్లాలు, చక్రాలు ఎప్పుడైనా ఊడొచ్చేవే. వాటిని రెండో వరుస సాక్షులుగానే చూస్తాను.

పాలిష్

చీకటి చేసి యూవీ టార్చ్ వేశాం. కాళ్లు, స్తంభం, జాలీ లోతుల్లో నారింజ వెలుగు, అంటే లక్క. కనపడని చోట స్పిరిట్ తడిపిన దూది పెడితే జిగురుగా కరిగింది. పై పలక మాత్రం ఆ నారింజ రంగు చూపలేదు, స్పిరిట్‌కి చలించలేదు, థిన్నర్‌కి మెత్తబడింది. నైట్రోసెల్యులోజ్ లాకర్ అనే రసాయన పాలిష్. ఫర్నిచర్ మీద దాని వాడకం 1920ల నుంచి. పలక ఒకసారి గీకించి, మళ్లీ పాలిష్ పట్టించారు. లక్క పాలిష్‌తో వయసు చెప్పలేం, ఇప్పటికీ వాడుతున్నాం కదా. కానీ జాలీ సందుల్లో లక్క మీద మైనం, దాని మీద మసి, మళ్లీ లక్క, ఇలా పొరలు పేరుకుని ఉన్నాయి. ఎవరో హడావుడిగా పాతదనం పూసింది కాదు.

కార్బన్ డేటింగ్ చేయించొచ్చా అని యజమాని కొడుకు అడిగాడు. ఈ కాలపు వస్తువులకు అది దాదాపు పనికిరాదు. సుమారు 1650 నుంచి 1950 దాకా వాతావరణంలోని కార్బన్ లెక్క పైకీ కిందికీ ఊగడం వల్ల ఒకే ఫలితం రెండు మూడు వేర్వేరు శతాబ్దాలకు సరిపోతుంది. చెట్టు ఉంగరాల పద్ధతి యూరప్ ఓక్ సామాన్లకు బాగా పని చేస్తుంది. దానికి ఆ చెట్టుకు, ఆ ప్రాంతానికి ముందే కట్టిన ఉంగరాల వరుస ఉండాలి, మన ముక్కలో కూడా చాలా ఉంగరాలు స్పష్టంగా ఉండాలి. ఈ రోజ్‌వుడ్ పలకలో ఉంగరాలు కంటికే సరిగా ఆనలేదు. ఖర్చు పెట్టించలేదు.

ఇక నగిషీ

ఇప్పుడు నగిషీని ప్రశ్నించొచ్చు, ఎందుకంటే అది అబద్ధం చెప్పగల హద్దులు ఇప్పుడు తెలుసు: 1850ల తర్వాత, ఇంగ్లిష్ కొలతలు, ఇంగ్లండ్ మేకులు, ఇండియన్ రోజ్‌వుడ్.

బల్ల ఆకారం విక్టోరియా కాలపు ఇంగ్లిష్ డ్రాయింగ్ రూమ్‌ది. మెలికలు తిరిగిన ఎస్, సి ఆకారాలు 18వ శతాబ్దపు ఫ్రెంచ్ అలంకార శైలి రొకోకోను మళ్లీ ఫ్యాషన్‌లోకి తెచ్చిన ఆ కాలపు మోజు. 1851 లండన్ మహా ప్రదర్శన నాటికి ఆ మోజు జోరు మీదుంది. కానీ ఇంగ్లండ్‌లో చేసిన బల్లలో నగిషీకి మధ్య మధ్య ఖాళీ వదులుతారు. ఇక్కడ ఆ ఓపిక లేదు. తీగ మీద తీగ, ఆకు వెనక ఆకు, పట్టీ అంతా తొలిచి గాలి ఆడే జాలీ. చెక్కినవాడు ఇంగ్లిష్ బొమ్మ చూశాడు, చేయి మాత్రం తనదే.

బర్మా పనైతే టేకు, తీగల మధ్య నాట్యం చేసే మనుషులు, దేవతలు ఉబ్బెత్తుగా లేచి వస్తారు. ఇక్కడ మనిషి బొమ్మ ఒక్కటీ లేదు. దక్షిణ చైనా వడ్రంగి పాత పద్ధతిలో చేసి ఉంటే మేకుల జోలికి పోకుండా, చెక్కలో చెక్క దిగే అతుకులతోనే చాలావరకు ముగించేవాడు. సిలోన్ వాళ్లకు ఎబొనీ, కాలమాండర్ అనే చారల చెక్క మీద మక్కువ. అహ్మదాబాద్‌లో అమెరికన్ డిజైనర్ లాక్‌వుడ్ డి ఫారెస్ట్, మగన్‌భాయ్ హథీసింగ్ 1881లో మొదలుపెట్టిన వర్క్‌షాపు పని టేకులో, సన్నటి జ్యామితి జాలీతో, పలచగా ఉంటుంది. మద్రాసును పూర్తిగా కొట్టేయలేను, కానీ రోజ్‌వుడ్‌ను ఇంత లోతుగా తొలిచి, ఖాళీ లేకుండా నింపి, విక్టోరియా ఆకారాలకు తొడిగిన సామాను గుంపుగా కనిపించేది 19వ శతాబ్దపు బొంబాయిలో. సంతలో దాన్ని బాంబే బ్లాక్‌వుడ్ అంటారు. పట్టీ ద్రాక్షతీగ, సింహపు కాళ్లు, స్తంభం పూలబుట్ట, అన్నీ ఆ కుటుంబంలోకి ఇబ్బంది లేకుండా వెళ్తాయి.

రిపోర్టులో రాసింది ఇది. చెక్క: ఇండియన్ రోజ్‌వుడ్, ఖాయం. 1850ల మధ్యకు ముందుది కాదు, దాదాపు ఖాయం. ఇంగ్లిష్ కొలతలు నడిచిన చోట చేసింది, చాలా బలంగా చెప్పొచ్చు. బొంబాయి, బలమైన అవకాశం, కానీ చేసినవాళ్ల పేరు గానీ ముద్ర గానీ లేదు కాబట్టి "ఆపాదించదగినది" అన్న మాటే వాడాను. 1885 లోపుది అన్నది అన్నిటికంటే బలహీనమైన వాక్యం. అది ఫ్యాషన్ మీద, తర్వాతి కాలంలో మామూలైన గుండ్రటి తీగ మేకులు పాత భాగాల్లో ఎక్కడా లేకపోవడం మీద ఆధారపడింది. లేకపోవడం ఎప్పుడూ సగం సాక్ష్యమే. ఒక కాలు, ఇనుప పలక 1930ల తర్వాతివి. పై పలక పాలిష్ 1920ల తర్వాతిది.

ఇంటి పెద్దావిడకు పోర్చుగీసు పోయినందుకు కాస్త కష్టంగానే అనిపించింది. "మా మావయ్యగారు అబద్ధం చెప్పే మనిషి కాదు బాబూ" అన్నారు. అబద్ధం అని నేనూ అనలేదు. ఇంట్లో చెప్పుకునే మాటల్లో వస్తువు ఎవరి దగ్గర నుంచి వచ్చిందన్నది చాలాసార్లు నిలబడుతుంది, ఏళ్ల సంఖ్యే తరం తరానికీ పెరుగుతుంది. ఆయన ఒకప్పుడు పశ్చిమ తీరంలో ఉద్యోగం చేశారన్నది ఆవిడే ఆ తర్వాత చెప్పారు. దాన్ని రిపోర్టులో "కుటుంబ సమాచారం" అని విడిగా రాశాను, లెక్కలో కలపలేదు.

గీకించవద్దని చెప్పాను. జాలీలోని పొరలు ఒకసారి పోతే తిరిగి రావు, వాటి కింద బయటపడేది ఏమీ లేదు. మెత్తటి కుంచెతో దుమ్ము తీయడం, ఊడిన తీగ ముక్కలను జంతువుల సరేసుతో అతికించడం, పలక మీద మాత్రం పలచగా మైనం. సరేసైతే తర్వాత ఎవరికైనా వేడి నీళ్లతో విప్పే వీలుంటుంది. టేకు కాలిని మార్చి రోజ్‌వుడ్ కాలు పెట్టిద్దామా అన్నారు, అక్కర్లేదన్నాను. గట్టిగా నిలబడింది, దాని చరిత్ర దానికుంది. కింది భాగంలో తేదీతో చిన్న కాగితం అంటించి, మరమ్మతు కాలు ఏదో రాసి పెట్టాం. విదేశంలో ఉన్న కూతురికి పంపే ఆలోచన ఉందన్నారు. ఇంకా కఠినమైన మొదటి అనుబంధంలో ఉన్న బ్రెజిల్ రోజ్‌వుడ్ తప్ప డాల్బెర్జియా జాతి అంతా 2017 జనవరి నుంచి సైటీస్ (అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది కాబట్టి పాత వస్తువైనా కాగితాలు లేకుండా సరిహద్దు దాటించకూడదు. ల్యాబ్ ఫలితం, కొలతలు, మేకుల ఫొటోలు అన్నీ ఆ ఫైల్లోనే పెట్టి ఇచ్చాను.